ఆర్‌సీ డేట్ అయిపోయిన కారుకి ఇన్సూరెన్స్ క్లెయిమ్ వస్తుందా? ఏం చేయాలి?

మా బాబాయిది 2009 మోడల్ కారు, ఏపీ 16 నంబరు, విజయవాడలోనే కొన్నాడు. ఇన్సూరెన్స్ ఏ ఏడూ ఒక్కరోజు కూడా లేట్ చేయలేదు, అదీ ఫుల్ ఇన్సూరెన్సే. 2024లో వారధి దిగేటప్పుడు ముందున్న లారీ సడన్‌గా బ్రేక్ కొడితే వెనక గుద్దుకున్నాడు, బానెట్టూ రేడియేటరూ పోయినయ్, మనిషికి ఏం కాలేదు అదే చాలనుకున్నాం. బండి ఆటోనగర్ షెడ్డుకి చేర్చాక సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకుని ఆర్‌సీ అడిగాడు, తీసి చూస్తే డేట్ అయిపోయి అప్పటికే ఐదు నెలలు. క్లెయిమ్ రిజెక్ట్ చేశారు. ప్రీమియం తీసుకున్నారు కదా, పాలసీ నడుస్తోంది కదా అని ఎంత అడిగినా లాభం లేకపోయింది. అందుకే ఇది రాస్తున్నా, ఇంకొకళ్ళకి ఇలా జరగకూడదు.

ముందు ఆర్‌సీ తీసి డేట్ చూడండి

ఇప్పుడే చూడండి, రేపు కాదు. సొంత వాడకం కార్లకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. చాలామంది ఎక్కడ పొరపాటు పడతారంటే, బండి కొన్నప్పుడు లైఫ్ టాక్స్ కట్టాం కాబట్టి రిజిస్ట్రేషన్ కూడా లైఫే అనుకుంటారు. టాక్స్ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. కార్డు కనపడకపోతే ఎంపరివాహన్ యాప్‌లోగానీ డిజీలాకర్‌లోగానీ చూసుకోవచ్చు, ఇన్సూరెన్స్ డేటూ పొల్యూషన్ డేటూ కూడా అప్పుడే చూసేయండి. కొత్త కారైతే టీఆర్, అంటే టెంపరరీ రిజిస్ట్రేషన్ మీద డేట్ చూడాలి, పర్మనెంట్ నంబర్ రాకుండా ఆ డేట్ దాటితే బండి తీయొద్దు.

పాలసీ ఉన్నా క్లెయిమ్ ఎందుకు ఆగుతుంది

ఆన్‌లైన్‌లో రెన్యువల్ కట్టేటప్పుడు ఆర్‌సీ డేట్ ఉందా లేదా అని చాలాసార్లు ఎవరూ అడగరు, డబ్బు కట్టగానే పాలసీ వచ్చేస్తుంది, మనకేమో అంతా సక్రమంగా ఉందనిపిస్తుంది. క్లెయిమ్ రోజున మాత్రం ప్రతి కాగితం చూస్తారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డు మీద తిరగకూడదు, అలా తిప్పితే పాలసీ షరతు తప్పినట్టే అని కంపెనీల వాదన, సుప్రీంకోర్టు కూడా ఈ వాదనని ఒప్పుకుంది. 2014లో నరీందర్ సింగ్ కేసులో టీఆర్ అయిపోయాక యాక్సిడెంట్ అయిన బండికి డ్యామేజీ రాదంది. 2021లో సుశీల్ కుమార్ గోదారా కేసైతే ఇంకా బాధ, గెస్ట్ హౌస్ బయట పెట్టిన కొత్త బొలెరో దొంగలు ఎత్తుకుపోయారు, టీఆర్ అయిపోయి పట్టుమని పది రోజులు కూడా కాలేదు, అయినా రాలేదు. ఇవి రెండూ టీఆర్ కేసులే, కానీ 15 ఏళ్ళు నిండిన ఆర్‌సీకి కూడా కంపెనీలు ఇదే సూత్రం చూపిస్తాయి.

ఇదంతా మన బండి డ్యామేజీ గురించి, అంటే ఓన్ డ్యామేజ్. థర్డ్ పార్టీ సంగతి వేరు. మన కారు ఎవరికైనా తగిలితే వాళ్ళు ట్రిబ్యునల్‌లో కేసు వేస్తారు, దెబ్బ తిన్నవాళ్ళు నష్టపోకూడదని ముందు కంపెనీతో ఇప్పించి ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకోమనే తీర్పులు కూడా వస్తుంటాయి. అంటే చివరికి అది మన నెత్తిమీదకే రావచ్చు.

డేట్ దగ్గరపడితే ఏం చేయాలి

డేట్‌కి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో అప్లై చేసుకోవచ్చు. ఆగొద్దు, ఆ 60 రోజుల్లో మొదటి వారంలోనే పెట్టేయండి. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఆధార్, పాన్ పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకి బండి తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూస్తారు. లైట్లు, హారన్, టైర్లు, ఛాసిస్ నంబరు ముందే సరిచూసుకోండి, తుప్పుపట్టి నంబరు కనపడకపోతే మళ్ళీ తిప్పుతారు. పాత చలానాలుంటే కట్టేసి వెళ్ళండి. ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కారుకి 5,000, అదే కారుకి 20 ఏళ్ళు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000 చేశారు. గ్రీన్ టాక్స్ దీనికి అదనం.

డేట్ అయిపోయి ఉంటే

ముందు కారు ఇంట్లో పెట్టేయండి. పెళ్ళికనో గుంటూరు దాకా ఒక్క ట్రిప్పేననో తీయొద్దు, మా బాబాయి కూడా ఒక్క ట్రిప్పుకే వెళ్ళాడు. పట్టుకుంటే సెక్షన్ 192 కింద మొదటిసారే 2,000 నుంచి 5,000 దాకా ఫైన్, కానీ అసలు భయపడాల్సింది ఫైన్‌కి కాదు, దారిలో ఏదైనా జరిగితే క్లెయిమ్ రాదని. రెన్యువల్‌కి లేట్ అయిన ప్రతి నెలకీ కారుకి 500 అదనంగా పడుతుంది కాబట్టి ఇంకా నాన్చొద్దు. ఆఫీసుకి బండి ఎలా తీసుకెళ్ళాలి అంటే, నా మాట వింటే ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్ళండి, ఖర్చు అనిపిస్తుంది కానీ మనసు కుదుటగా ఉంటుంది.

ఈ గ్యాప్‌లో ఇన్సూరెన్స్ మాత్రం ఆపొద్దు. ఎలాగూ క్లెయిమ్ రాదుగా అని వదిలేస్తే 90 రోజులు దాటాక నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మొత్తం పోతుంది. పైగా 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో ఇంటి ముందు ఆగి ఉన్న కార్లే మునిగినయ్, అలాంటి నష్టానికి ఓన్ డ్యామేజ్ కవర్ కావాలి, ఉత్త థర్డ్ పార్టీతో పైసా రాదు. రోడ్డెక్కకుండా ఇంట్లో ఉన్న బండి అని నిరూపించగలిగితే మన వాదనకి బలం ఉంటుంది.

క్లెయిమ్ రిజెక్ట్ అయితే

యాక్సిడెంట్ అయ్యాక ఆర్‌సీ రెన్యువల్ చేయించి పాత డేట్‌లా చూపించడం, సర్వేయర్‌కి అబద్ధం చెప్పడం అస్సలు వద్దు, దాంతో ఉన్న కాస్త వాదన కూడా పోతుంది. రిజెక్షన్ కారణం రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయండి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి దగ్గరకి వెళ్ళొచ్చు, మన ఏపీ వాళ్ళకి అదే ఆఫీసు. ఫీజు ఉండదు, లాయర్ అక్కర్లేదు, కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు పెట్టాలి. అక్కడ కాకుండా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలనుకుంటే విజయవాడలోనూ ఉంది గుంటూరులోనూ ఉంది, గడువు రెండేళ్ళు. మా బాబాయికి రిజెక్షన్ లెటర్ చేతికొచ్చేసరికే రెండు నెలలు పట్టింది కాబట్టి ఆ లెటర్ కోసం మొదటి రోజు నుంచే మెయిల్ పెట్టి అడుగుతూ ఉండండి.