పొలం పీత తినే ముందు, దగ్గు వదలనప్పుడు

విజయనగరంలో ఇరవయ్యేళ్లు కఫం పరీక్షలు చేశాను. నాగావళి పక్క పల్లె మాది. వానలకి మడిగట్ల మీద పీతలు దొరికితే నేనూ వదలను, అందుకే చెప్తున్నా: పీతల్లో ఊపిరితిత్తులకి పట్టే పురుగు (లంగ్ ఫ్లూక్) పిల్లలు ఉండొచ్చు, సరిగా ఉడకని పీత తింటే అవి మనలోకి వస్తాయి.

గట్టు మీదే మంటేసి, డిప్ప ఎర్రబడగానే నమిలేయకండి. ఎర్రబడితే ఉడికినట్టు కాదు. లోపలి మాంసం తెల్లబడి గట్టిపడేదాకా పులుసులో తెర్లనివ్వండి. ఉప్పు, చింతపండు పురుగుని చంపుతాయనుకోవద్దు, వేడే చంపాలి. పీత కోసిన కత్తిపీట, చేతులు కడిగాకే ఉల్లిపాయ ముట్టండి. మా ఇంట్లోనే ఇది ఎన్నిసార్లు చెప్పినా వినరు!

కడుపులోకెళ్లిన పిల్లపురుగు పేగు గోడ తొలుచుకుని ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుంది. నెలల తరబడి దగ్గు, తుప్పు రంగు కఫం, అచ్చం టీబీలాగే. మణిపూర్, నాగాలాండ్‌లలో ఈ జబ్బు ఉంది. టీబీ పరీక్షలో ఏమీ కనబడకపోతే పీతలు తిన్న సంగతి డాక్టరుకి చెప్పండి. టీబీకి వేసే రంగులకి ఈ పురుగు గుడ్లు పాడైపోతాయి, రంగెయ్యని కఫం చూడమని అడగాలి. మలం కూడా ఇవ్వండి, మింగిన కఫంతో గుడ్లు అటు దిగుతాయి. మందు ప్రాజిక్వాంటెల్: కిలో బరువుకి 25 మిల్లీగ్రాములు, రోజుకి మూడుసార్లు, రెండు మూడు రోజులు. అదీ డాక్టరు రాస్తేనే.