ఫైబర్ షేరు కొనేముందు ఆ కంపెనీ ఏ మెట్టు మీదుందో చూడండి

గూడూరు నుంచి కోట పోయే దారిలో సిలికా ఇసుక లారీలు చూస్తానే ఉంటాం కదా. ఇంటర్నెట్ మోసే సన్నటి పోగుని ఫైబర్ అంటారు, ఆ ఫైబర్ గాజుతో చేస్తారు, గాజు ఇసుకతో చేస్తారు, ఇంక ఫైబర్‌కి గిరాకీ వస్తే మన ఇసుకకి తిరుగేముంది అని టీ కొట్టు దగ్గర ఒకాయన లెక్క కడతంటే నేను గూడా తలూపా. ఆ లెక్క తప్పు. ఫైబర్‌కి వాడే గాజు మామూలుగా ఇసుక కరిగించి పోసేది కాదు, సిలికాన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రవాన్ని ఆవిరి చేసి, కాల్చి, వచ్చిన తెల్లటి పొడిని పొరలు పొరలుగా పేర్చి, గట్టిపరిచి ఒక కడ్డీ చేస్తారు, దాని పేరు ప్రీఫామ్. ఆ కడ్డీని ఎత్తైన టవర్ పైన రెండు వేల డిగ్రీల దాకా వేడి చేసి కిందకి లాగితే జీళ్ళ పాకం సాగినట్టు వెంట్రుకంత పోగు వస్తది. మందం 125 మైక్రాన్లు, అందులో వెలుతురు పోయే నడిమి భాగం తొమ్మిది మైక్రాన్లే.

దీనికి దారి చూపించింది చార్లెస్ కావ్ అనే శాస్త్రవేత్త, గాజులో మలినాలు తీసేస్తే వెలుతురు చాలా దూరం పోతుందని 1966లో చెప్పాడు, 2009లో నోబెల్ ఇచ్చారు. 1970లో అమెరికా గాజు కంపెనీ కార్నింగ్ వాళ్ళు చేసిన పోగులో కిలోమీటరు పోయేసరికి నూటికి రెండు వంతుల వెలుతురు మిగిలితే అదే గొప్ప, ఇప్పటి పోగులో పదిహేను కిలోమీటర్లు పోయినా సగం మిగుల్తది.

మొన్న గాలివానకి మా వీధిలో ఇంటర్నెట్ తీగ తెగి ఇంట్లో డబ్బా మీద ఎర్ర లైటు కొట్టుకుంటా ఉంటే ఒక కుర్రాడొచ్చి రోడ్డు పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. పైతొడుగు ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్ అనే కోత పనిముట్టుతో టక్కున కొట్టి, రెండు కొనల్ని స్ప్లైసర్ మెషిన్‌లో పెడితే చిన్న మెరుపు మెరిసి అతుక్కుపోయింది, స్క్రీన్ మీద వెలుతురు నష్టం 0.02 డెసిబెల్ అని వచ్చింది. విరిగిన గాజు ముక్కల్ని మాత్రం ఒక్కొక్కటే టేపుకి అంటించి దాచాడు, "కాల్లో దిగితే కనపడదన్నా, తీయడం మహా కష్టం" అన్నాడు. ఆ కుర్రాడి కూలీ, ఆ మెషిన్, ఆ తీగ, ఆ తీగలో పోగు, మా ఇంట్లో డబ్బా, నెల నెలా మేం కట్టే బిల్లు, ఒక్కోటి ఒక్కో కంపెనీ వ్యాపారం. బయట నుంచి చూస్తే మాత్రం అన్నిటికీ ఫైబర్ షేరు అనే ఒకటే పేరు.

కాబట్టి మొదటి పని, కంపెనీ ఏ మెట్టు మీదుందో రాసుకోండి. ప్రీఫామ్ చేసేవాళ్ళు ప్రపంచంలోనే తక్కువ, మన దేశంలో స్టెర్లైట్ టెక్నాలజీస్ ప్రీఫామ్ నుంచి కేబుల్ దాకా సొంతంగా చేస్తది. హెచ్ఎఫ్‌సీఎల్ పోగు, కేబుల్ చేస్తా టెలికాం కాంట్రాక్టు పనులు గూడా పడతది. బిర్లా కేబుల్‌ది కేబుల్ వ్యాపారం, వింధ్యా టెలీలింక్స్ కేబుల్‌తో పాటు కాంట్రాక్టులు గూడా చేస్తది. ఫినోలెక్స్ కేబుల్స్ ఫైబర్ చేస్తది గానీ అసలు కూడు పెట్టేది ఇళ్ళల్లో కరెంటు వైరు. తేజస్ నెట్‌వర్క్స్‌ది టెలికాం పరికరాల వ్యాపారం. రైల్‌టెల్ పట్టాల వెంబడి వేసిన సొంత ఫైబర్‌ని అద్దెకిస్తది.

రెండోది డబ్బు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు. నేను మునిగింది ఈడే. హైవే పక్కన గుంతలు తవ్వి పైపులు దించుతా ఉంటే చూసి, ఆ పని చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ షేరు కొన్నా. ప్రతి క్వార్టర్‌లో లాభం చూపించారు, షేరు మాత్రం సగానికి పడింది. అప్పుడు తీరిగ్గా యాన్యువల్ రిపోర్టు తెరిస్తే లాభం అంతా రావాల్సిన బాకీల్లోనే ఉంది, చేతికి రాలేదు, పని నడపడానికి బ్యాంకులో అప్పు తెచ్చి వడ్డీ కడతన్నారు. మన రొయ్యల మేత డీలర్లని చూడండి, అప్పు మీద మూటలు ఎత్తించి సేల్స్ బ్రహ్మాండం అంటారు, గుంట పోయిందంటే పుస్తకంలో బాకీ పుస్తకంలోనే ఉంటది. అట్టాంటిదే.

చూసే పద్ధతి ఇంతే. కంపెనీల లెక్కలు చూపించే స్క్రీనర్ లాంటి సైట్‌లో ఐదేళ్ళ నికర లాభం కూడండి, అదే ఐదేళ్ళలో ఆపరేషన్స్ నుంచి వచ్చిన క్యాష్, అంటే అసలు వ్యాపారంలో చేతికొచ్చిన డబ్బు, కూడండి. క్యాష్ లాభానికి దగ్గరగా ఉంటే ముందుకి పోండి, సగం గూడా లేకపోతే నేనైతే ఆడే ఆపేస్తా. తర్వాత డెటర్ డేస్, అంటే బాకీ వసూలవడానికి పట్టే రోజులు, ఏటేటా పెరుగుతున్నాయేమో, ప్రమోటర్, అంటే కంపెనీ నడిపే యజమానుల షేర్లు తాకట్టులో ఎన్ని ఉన్నాయో చూడండి. ఆర్డర్ బుక్, అంటే చేతిలో ఉన్న ఆర్డర్ల మొత్తం, ఇన్ని వేల కోట్లు అని హెడ్డింగ్ కనిపిస్తే అందులో సరుకు అమ్మకం ఎంత, తవ్వకం పని ఎంత అని విడదీయండి. పంచాయతీలకి ఫైబర్ వేసే ప్రభుత్వ ప్రాజెక్టు భారత్‌నెట్‌నే తీసుకుంటే 2011లో వేరే పేరుతో ఒప్పుకున్న ప్రాజెక్టు, 2023లో మళ్ళీ 1.39 లక్షల కోట్లతో కొత్త రూపం ఇచ్చారు, అంటే ప్రకటనకీ పనికీ మధ్య ఎన్నేళ్ళు పట్టిందో మీరే చూసుకోండి.

మూడోది రేటు. పోగు రేటు కిలోమీటరు లెక్కన నడుస్తది, వనామి రొయ్యల కౌంటు రేటు మాదిరే ఎగుడుదిగుళ్ళు. రేటు బాగుందని అందరూ ఒకేసారి ఫ్యాక్టరీలు పెంచుతారు, సరుకు ఎక్కువైతే రేటు కూలిపోద్ది. చైనా, కొరియా, ఇండోనేషియా నుంచి చవగ్గా వచ్చే పోగు మీద మన ప్రభుత్వం 2023లో యాంటీ డంపింగ్ సుంకం వేసింది అందుకే. 2000లో అమెరికాలో ఇట్టాంటి పిచ్చే పట్టి సముద్రాల అడుగున గూడా కేబుళ్ళు పరిచారు, అదే టైంలో ఒకే పోగులో రకరకాల రంగుల వెలుతురు పంపే టెక్నాలజీ వచ్చేసరికి వేసిన తీగల్లో చాలావరకు వాడకమే లేకుండా పడుండిపోయాయి. వంద డాలర్లు దాటిన కార్నింగ్ షేరు 2002లో రెండు డాలర్ల లోపుకి వచ్చింది. సముద్రం అడుగున కేబుళ్ళు వేసిన గ్లోబల్ క్రాసింగ్ దివాలా తీసింది. కార్నింగ్ మంచి కంపెనీయే, ఇప్పటికీ ఉంది, కొన్న రేటే తప్పు.

ఇప్పుడు ఏఐ డేటా సెంటర్ల గాలి. విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్లు పెడతానని 2025 అక్టోబర్‌లో చెప్పగానే మా గ్రూపుల్లో ఫైబర్ షేర్ల లిస్టులు తిరిగాయి. డేటా సెంటర్ లోపల సర్వర్ల మధ్య పోగు చాలా పడతది, అది నిజమే. ఆ ఆర్డర్ మీరు కొన్న కంపెనీకే వస్తదని ఎవరు చెప్పారు? స్టాక్ ఎక్స్చేంజ్‌కి కంపెనీ ఇచ్చిన కాగితం కనపడేదాకా నేను నమ్మను.

నేను ఇప్పుడు చేసేది, వేరే వేరే మెట్ల మీద ఉన్న రెండు మూడు కంపెనీలు, అన్నీ కలిపి నా పొదుపులో నూటికి ఐదు దాటకుండా, ఒక్కసారే కాకుండా ఆరేడు నెలల్లో కొంచెం కొంచెంగా. ఏడాది లోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను, ఏడాది దాటాక ఏడాదికి 1.25 లక్షల పైన వచ్చిన లాభానికి 12.5 శాతం. క్వార్టర్ రిజల్ట్ వచ్చిన రోజు లాభం అంకె మా బావమరిది ఎట్టాగూ ఫోన్ చేసి చెప్తాడు, నేను మాత్రం సెప్టెంబర్, మార్చి రిజల్ట్స్‌లో బ్యాలెన్స్ షీట్ గూడా ఇస్తారు కాబట్టి ఆ రెండిట్లో బాకీల లైన్ వెతుక్కుంటా.