పాత కారు మొరాయిస్తే, బానెట్ కింద చెయ్యి పెట్టేముందు

గేరు న్యూట్రల్‌లో ఉందా, హ్యాండ్‌బ్రేక్ లాగారా చూసుకోండి, టైరు కింద ఒక రాయి కూడా పెట్టండి. ఉంగరం, వాచీ తీసేయండి.

పెట్రోలు వాసన వస్తుంటే స్పార్క్ పరీక్ష (పెట్రోలు మండించే ప్లగ్‌లో నిప్పురవ్వ వస్తుందో లేదో చూడటం) జోలికి పోవద్దు, ముందు లీకు సంగతి చూడండి.

నెల్లూరు దగ్గరి మైపాడు తీరం వైపు ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూత పడుతుంది, ఇంజిన్ తప్పు అనుకునేముందు అది గీకండి. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ మీటర్‌లో 12.6 వోల్టులు దాకా చూపిస్తుంది. నవంబరు వానల్లో రాత్రంతా బయటున్న బండి అయితే నా అనుమానం ప్లగ్‌లకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ (మూత) మీదే, విప్పి లోపలి చెమ్మ పొడిగుడ్డతో తుడవండి.

ప్లగ్ వైర్లు పీకేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. మారుతి 800కి ఉండేవి మూడు సిలిండర్లే కదా అని నేను తీయలేదు, రెండు వైర్లు తారుమారై గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్లోంచి టప్‌మని పేలితే మా బామ్మర్ది ఆమడ దూరం పరిగెత్తాడు. ఇంజిన్ తిరుగుతుంటే వైరు చేత్తో పట్టుకోవద్దు, అందులో వేల వోల్టులు. ప్లగ్ మాత్రం చల్లారాకే విప్పండి, వేడి మీద తిప్పితే అల్యూమినియం హెడ్డులో మర పోతుంది.

సెల్ఫ్ పది సెకన్లు మించి కొట్టకండి, మోటారు కాలుద్ది.