సగం ధర రౌటర్‌ను బాగుచేసుకున్నాను

గవర్నర్‌పేటలోని ఒక దుకాణంలో పాత సరుకు అమ్మకంలో రౌటర్ సగం ధరకే దొరికింది. పెట్టె సీలు అప్పటికే ఊడి ఉంది, ఎవరో కొని తిరిగి ఇచ్చారట. ఇంట్లో పెట్టిన మూడో రోజుకే వేగం పడిపోయింది. సెట్టింగులు తెరిచి చూస్తే, మా పరికరాలు నాలుగైతే జాబితాలో ఏడు! గుండె ఝల్లుమంది. అమ్మ తన పింఛను ఖాతా చూసుకునేది ఆ వైఫై మీదే.

వెనుకనున్న చిన్న రంధ్రంలో పిన్నీసు మొన గుచ్చి, దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలిగేదాకా నొక్కి పట్టాను. పాత అమరికలన్నీ చెరిగిపోయాయి. కొన్న రోజే చేయాల్సిన పని అది. తరువాత తయారీదారు వెబ్‌సైట్ నుంచి కొత్త ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించాను. వైఫై పాస్‌వర్డ్‌తో పాటు సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ కూడా మార్చాను. చాలామంది ఈ రెండోదాన్ని వదిలేస్తారు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది డబ్ల్యూపీఎస్, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో పరికరాన్ని వైఫైకి కలిపే సౌకర్యం. దాని పిన్‌లో ఎనిమిది అంకెలు ఉంటాయి కాబట్టి గట్టిదే అనుకుంటాం. కానీ రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతా వాటి నుంచి లెక్కకట్టేదే. అంటే దాదాపు 11,000 ప్రయత్నాల్లో ఏదో ఒకటి తగులుతుంది. ఈ లోపం 2011లోనే బయటపడింది. వెంటనే ఆపేశాను. ఈ మోడల్‌కు 2018లో వచ్చిన వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 లేదు, అందుకే దానికి ముందుదైన డబ్ల్యూపీఏ2లో ఏఈఎస్ అనే గట్టి సంకేతీకరణను ఎంచుకున్నాను. బయటి నుంచి రౌటర్‌ను నడిపే సౌకర్యాన్నీ మూసేశాను.

ఆ రాత్రి జాబితా మళ్లీ తెరిచాను. నాలుగే ఉన్నాయి.