పెళ్లి క్యాసెట్ డీవీడీలో చుక్కలు చుక్కలుగా వస్తోందా?

మా అక్క పెళ్లి క్యాసెట్‌ను డీవీడీకి ఎక్కిస్తే తలంబ్రాల దగ్గర్నుంచీ స్క్రీన్ నిండా తెల్ల చుక్కలు. టేపు పోయిందన్నాడు కావలిలో షాపతను. పోలేదు, వీసీఆర్‌లో టేపు మీది బొమ్మను చదివే హెడ్‌కి మురికి పట్టింది, అంతే.

ముందు క్యాసెట్‌ను చివరిదాకా ఫార్వర్డ్ చేసి, పూర్తిగా రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి కదలని టేపు బిగువు సర్దుకుంటుంది. తర్వాత వీసీఆర్ ప్లగ్ పీకేసి, పై మూత విప్పండి. తెల్ల కాగితం ముక్క మీద 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నాలుగు చుక్కలు వేసి, హెడ్ ఉండే మెరిసే గుండ్రటి డ్రమ్ముకు మెల్లగా ఆనించి పట్టుకోండి. కాగితం కదలకూడదు, డ్రమ్మునే పైనుంచి వేలితో తిప్పాలి. పైకీ కిందికీ రుద్దారో, హెడ్ విరుగుతుంది. దూది పుల్ల అసలొద్దు, పోగులు చిక్కుకుంటాయి. నాకైతే కాగితం మీద కాటుక గీసినట్టు నల్ల చార వచ్చింది! అరగంట ఆరనిచ్చి వేయండి. ఇంకా గీతలు ఊగుతుంటే ట్రాకింగ్ బటన్ నొక్కుతూ చూడండి.

డీవీడీ రికార్డర్‌లో రికార్డింగ్ మాత్రం రెండు గంటల ఎస్‌పీ (స్టాండర్డ్ ప్లే) మోడ్‌లోనే. 4.7 జీబీ డిస్కులో ఆరు గంటలు కుక్కితే ముఖాలు గళ్లుగళ్లుగా వస్తాయి.

క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రీలు మీద తెల్ల బూజు కనిపించిందా, దాన్ని వీసీఆర్‌లో పెట్టనే పెట్టకండి. మన సముద్రపు గాలికి బూజు మామూలే. అది హెడ్‌కి అంటుకుని, తర్వాత వేసే మంచి క్యాసెట్లకూ పాకుతుంది.