అమెరికా సెనేట్‌లో క్లోచర్ ఓటు: నల్లగొండ నుంచి చూసేవాళ్లకు

నేను నల్లగొండలో సివిక్స్ చెప్పి రిటైరయ్యాను. పిల్లలు డాలస్‌లో ఉన్నవాళ్లు క్లాక్ టవర్ దగ్గర కనిపిస్తే ఇదే అడుగుతారు: “సార్, నిన్న ఓటు గెలిచిండన్నరు, ఇయ్యాల మళ్ల ఓటంటున్నరు. ఏందిది?”

అక్కడ ఓట్లు రెండు. మొదటిది నామినీ, అంటే అధ్యక్షుడు ఏదైనా పదవికి ప్రతిపాదించిన మనిషి, మీద చర్చ ఆపడానికి. అదే క్లోచర్. రెండోది ఆయన్ని పదవికి ఒప్పుకోవడానికి. మన దగ్గర మంత్రి పేరు మీదో, హైకోర్టు జడ్జి పేరు మీదో ఎంపీలు ఓటేయరు కాబట్టి ఈ తికమక.

ముందు చర్చ ఆపాలంటూ 16 మంది సెనేటర్లు సంతకాలు పెట్టిన తీర్మానం వస్తుంది. ఓటు వెంటనే ఉండదు. మామూలుగా సోమవారం పెడితే బుధవారం. ఇక టైం తేడా సంగతి: ఏదైనా ఓటు వాళ్ల సోమవారం సాయంత్రం అయిదున్నరకంటే మనకు మంగళవారం తెల్లవారుజామున మూడు, చలికాలంలో నాలుగు. నిద్ర పాడుచేసుకోకండి. పొద్దున సెనేట్ వెబ్‌సైట్‌లో రోల్ కాల్ పట్టిక, అంటే ఎవరు ఎటు ఓటేశారో చూపే జాబితా, తెరవండి. ‘ఆన్ ది క్లోచర్ మోషన్’ అని ఉంటే చర్చ ఆపే ఓటు, ‘ఆన్ ది నామినేషన్’ అని ఉంటే అసలు ఓటు.

ఎన్ని ఓట్లు కావాలి? ఒకప్పుడు 60. 2013లో డెమోక్రాట్లు సుప్రీంకోర్టు తప్ప మిగతా నామినీలందరికీ సాధారణ మెజారిటీ చాలన్నారు. 2017 ఏప్రిల్ 6న రిపబ్లికన్లు సుప్రీంకోర్టుకూ అదే చేశారు. ఆ రోజు సుప్రీంకోర్టు నామినీ గోర్సచ్ మీద క్లోచర్ 55–45తో ఓడింది. పద్ధతి మార్చాక అదే రోజు అదే 55–45తో గెలిచింది! మొదటిసారి సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు మెక్‌కానెల్ కూడా ‘నో’ అన్నాడు. అలిగి కాదు. ఓడిన ఓటును మళ్లీ పెట్టించాలంటే గెలిచిన పక్షాన ఉండాలి, అందుకు. బిల్లులకు మాత్రం ఇప్పటికీ 60 కావాల్సిందే.

క్లోచర్ గెలిచాక కూడా స్వీట్లు పంచొద్దు. కేబినెట్, సుప్రీంకోర్టు, అప్పీళ్ల కోర్టు నామినీలకు ఇంకా 30 గంటల దాకా చర్చ ఉండొచ్చు. 2019 మార్పు తర్వాత జిల్లా జడ్జీలకూ, చాలావరకు కింది పదవులకూ రెండు గంటలే.

ఆ గడువులో లెక్క మారొచ్చు కూడా. 2025 జనవరిలో రక్షణ మంత్రి నామినీ హెగ్సెత్ క్లోచర్ 51–49తో గట్టెక్కింది. మర్నాడు అసలు ఓటు 50–50. ఉపాధ్యక్షుడు వాన్స్, అదే మన తెలుగింటి అల్లుడు, వచ్చి తన ఓటేస్తేనే పదవి దక్కింది.