ఆకు లోపల బతికే శిలీంధ్రం నుంచి బూజును ఆపే పదార్థం తీయడం ఎలా

ఆరోగ్యంగా, పచ్చగా ఉన్న ఆకును తీసుకున్నా సరే, దాని కణాల మధ్య సందుల్లో మొక్కకు ఏ జబ్బూ చేయకుండా బతికే శిలీంధ్రాలు దాదాపు ఖాయంగా ఉంటాయి. వీటిని ఎండోఫైట్లు అంటారు. వీటిలో కొన్ని తమ చోట్లోకి ఇంకో శిలీంధ్రం చొరబడకుండా రసాయనాలు వదులుతాయి. జూనిపర్ ఆకుల నుంచి తీసిన హార్మోనీమా అనే శిలీంధ్రంలో ఎన్‌ఫ్యూమాఫంగిన్ అనే పదార్థం దొరికింది, దాన్ని మార్చి చేసిన ఐబ్రెక్సాఫంజెర్ప్ అనే మందుకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. శిలీంధ్రం కణకవచంలో ఉండే గ్లూకాన్ తయారీనే అది ఆపేస్తుంది, మన కణాలకు ఆ కవచమే లేదు. అందుకే ఇలాంటివి వెతకడం శ్రమకు తగ్గ పని.

ఇది వంటింట్లో చేసే ప్రయోగం కాదు. ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే పాత్ర), లామినార్ ఫ్లో (వడకట్టిన గాలి వీచే బల్ల) ఉన్న ల్యాబ్‌లో ప్రాజెక్టు చేసేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఆకు. మచ్చ, పురుగు కొరికిన గుర్తు లేనిది ఎంచుకోండి, కోసిన రోజే పని మొదలుపెట్టండి. కుళాయి నీళ్ల కింద బాగా కడిగాక 70 శాతం ఇథనాల్‌లో ఒక నిమిషం, సుమారు 2 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో రెండు మూడు నిమిషాలు, మళ్లీ ఇథనాల్‌లో అర నిమిషం ముంచి, స్టెరైల్ నీటితో మూడుసార్లు కడగాలి. పలచటి ఆకుకు ఈ సమయం ఎక్కువైపోతుంది, లోపలి శిలీంధ్రం కూడా చచ్చిపోతుంది, దళసరి ఆకుకు చాలకపోవచ్చు. కాబట్టి మీ ఆకుకు ఎంత సరిపోతుందో రెండు మూడు రకాలుగా చేసి చూసుకోండి.

ఇక్కడే చాలామంది వదిలేసే చిన్న పని ఒకటుంది, నా దృష్టిలో మొత్తం ప్రయోగం దాని మీదే నిలబడుతుంది. శుభ్రం చేసిన ఆకును కోయకముందే ఒక ఖాళీ పీడీఏ (శిలీంధ్రాలు పెంచే బంగాళదుంప-చక్కెర అగార్) ప్లేటు మీద మెల్లగా అద్ది తీసేయండి, చివరిసారి కడిగిన నీళ్లు కూడా కొద్దిగా ఇంకో ప్లేటులో పోయండి. ఈ రెండింట్లో ఏదైనా మొలిచిందంటే ఆకు పైనున్న బూజు ఇంకా పోలేదన్నమాట. అప్పుడు ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేయాలి. లోపలి నుంచి వచ్చిందని నిరూపించలేని శిలీంధ్రాన్ని ఎండోఫైట్ అని రాయకూడదు.

రెండూ శుభ్రంగా ఉంటే ఆకు అంచులు కోసి పారేసి (మందులు అంచుల నుంచి లోపలికి దిగి ఉంటాయి), మిగిలినదాన్ని 5 మిల్లీమీటర్ల ముక్కలు చేసి, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ కలిపిన పీడీఏ మీద పెట్టండి, లేకపోతే బ్యాక్టీరియా ముందు కమ్మేస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఉంచి రోజూ చూడండి. కోసిన అంచు నుంచి తెల్లటి పోగులు బయటికి వస్తుంటే ఆ పోగు కొనను మాత్రమే తీసి కొత్త ప్లేటులో వేయాలి. ఆలస్యం చేస్తే వేగంగా పెరిగేది మిగతావాటిని మింగేస్తుంది. నెమ్మదిగా పెరిగేవాటిని కూడా వదలకండి, మూడు వారాల దాకా ఓపిక పట్టండి.

తర్వాత పోటీ పరీక్ష. 90 మిల్లీమీటర్ల ప్లేటులో ఒక పక్క ఎండోఫైట్ ముక్క, ఎదురుగా జబ్బు చేసే శిలీంధ్రం ముక్క, పక్కనే జబ్బు శిలీంధ్రం ఒక్కటే ఉన్న కంట్రోల్ ప్లేటు. కంట్రోల్‌లో పెరుగుదల 40 మిల్లీమీటర్లు, ఎండోఫైట్ వైపు 22 ఉంటే, తేడా 18ని 40తో భాగించి 100తో గుణించండి, 45 శాతం అడ్డుకుందన్నమాట. అయితే ఆ అంకెకన్నా ముందు రెండింటి మధ్య ఏముందో చూడండి. ఖాళీ జాగా మిగిలితే ఏదో పదార్థం అగార్‌లోకి ఊరుతోందని అనుమానించవచ్చు. ట్రైకోడెర్మా లాంటి శిలీంధ్రం ఎదుటిదాని మీదికి ఎక్కేసి ఆపితే అది వేరే కథ, అందులో తీయడానికి రసాయనం ఉండాలనేం లేదు. గాలిలో వదిలే ఆవిరితో చంపేవి కూడా ఉన్నాయి, దాల్చినచెట్టు నుంచి తీసిన మస్కోడార్ ఆల్బస్ వాటిలో పేరున్నది. ఇలాంటివాటిని పరీక్షించడానికి మధ్యలో గోడ ఉన్న ప్లేటు వాడాలి. ఏ ప్లేటునూ ముక్కు దగ్గర పెట్టి వాసన చూడొద్దు.

మంచిది దొరికాక పీడీబీ (అగార్ లేని పీడీఏ) ద్రవంలో రెండు మూడు వారాలు పెంచి, వడకట్టి, ఆ ద్రవానికి సమానంగా ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావకం కలిపి మూడుసార్లు పదార్థాన్ని అందులోకి తీసి, ఆ ద్రావకాన్ని ఆవిరి చేసే రోటరీ ఇవాపరేటర్‌లో ఆరబెట్టండి. మిగిలిన జిగురును కొంచెం మెథనాల్‌లో కరిగించి కాగితం బిళ్ల మీద వేసి, ఆరాక జబ్బు శిలీంధ్రం పరిచిన ప్లేటు మీద పెట్టి పరీక్షించాలి. వట్టి మెథనాల్ వేసి ఆరబెట్టిన బిళ్ల, శిలీంధ్రం వేయకుండా అలాగే ఉంచి తీసిన పీడీబీ సారం వేసిన బిళ్ల, శిలీంధ్రాలను ఆపే మందుగా ముందే తెలిసిన నిస్టాటిన్ వేసిన బిళ్ల, ఈ మూడూ అదే ప్లేటులో ఉండి తీరాలి. పెంచిన ద్రవం పీహెచ్ కూడా కొలవండి, ఒట్టి పులుపు వల్ల కూడా ఎదుటి శిలీంధ్రం పెరుగుదల తగ్గవచ్చు. బిళ్ల చుట్టూ ఖాళీ వచ్చిందని ఆ సారాన్ని చర్మం మీదో మొక్క మీదో వాడకండి, శిలీంధ్రాన్ని చంపేది మనిషి కణాన్నీ చంపవచ్చు.

అందులో ఏ భాగం పనిచేస్తోందో తెలియాలంటే టీఎల్‌సీ (పదార్థాలను పలచటి పొర మీద విడదీసే పద్ధతి) ప్లేటు మీద సారాన్ని విడదీసి, పైన క్లాడోస్పోరియం అనే ముదురు రంగు బూజు బీజాలు స్ప్రే చేసి తేమలో ఉంచండి. ప్లేటంతా ముదురు రంగుకు తిరుగుతుంది, మందు ఉన్న చోట మాత్రం తెల్లటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ ప్లేటు మీద ఎంత ఎత్తులో ఉందన్నదే తర్వాతి శుద్ధికి మీ ఆనవాలు.

శిలీంధ్రాన్ని ఐటీఎస్ (జాతిని గుర్తించడానికి చదివే డీఎన్ఏ భాగం) సీక్వెన్సింగ్‌తో గుర్తుపట్టించండి, ఆ జాతిలో ఇప్పటికే దొరికిన పదార్థాల జాబితా చూడండి. తెలిసినదాన్నే మళ్లీ శుద్ధి చేస్తూ నెలలు పోగొట్టుకోవడం ఈ రంగంలో మామూలే.

ఇక నిల్వ సంగతి. పీడీఏ మీద మళ్లీ మళ్లీ మార్చుతుంటే చాలా ఎండోఫైట్లు ఆ రసాయనం చేయడం తగ్గించేస్తాయి, కొన్ని పూర్తిగా మానేస్తాయి. అందుకని శుద్ధమైన కల్చర్ చేతికొచ్చిన వారంలోనే, పరీక్షలకు ముందే, 20 శాతం గ్లిజరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర నాలుగైదు ట్యూబులు దాచండి, ప్రతి కొత్త ప్రయోగాన్నీ ఆ ట్యూబుతోనే మొదలుపెట్టండి. అప్పటికే శక్తి తగ్గిపోయి ఉంటే మీడియంలో అది పుట్టిన మొక్క ఆకు కషాయం కొంచెం కలిపి చూడండి, కొన్నిసార్లు తిరిగి వస్తుంది. వాడిన ప్లేట్లన్నీ 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాకే పారేయాలి.